పచ్చినూనె

"చేతులెత్తు బాబాయ్," అన్నాడు గేటు కాపలాదారు.

వేడిగదిలో పనిచేసే ముసలాయన చేతులెత్తాడు. ఫ్యాక్టరీ అంతా ఆయన్ని పొయ్యి బాబాయ్ అంటుంది. కాపలాదారు ఆయన చంకలు, నడుము, టిఫిన్ డబ్బా అడుగు, చెప్పుల అంచులు తడిమి చూశాడు. ఏమీ దొరకలేదు. దొరకనందుకే అతని అనుమానం ఇంకా ముదిరింది.

అక్కడ తయారయ్యేది గంజాయి పూల నుంచి తీసే నొప్పి మందు. ఒకప్పుడు మందుల షాపుల్లో బాహాటంగా దొరికేదట. మధ్యలో చట్టం కన్నెర్రజేస్తే అటకెక్కి, ఇప్పుడు నూనె సీసాలో పెద్దమనిషి వేషంతో తిరిగొచ్చింది. ఆ సీసా ఇవ్వాలంటే డాక్టరు చీటీ కావాలి. కాపలాదారు భార్య ఎముకలకు పాకిన క్యాన్సర్‌తో రేయింబవళ్లు మూలుగుతోంది. డాక్టరేమో "చూద్దాం" అంటూనే ఉన్నాడు.

అందుకని కాపలాదారు, పూలు తుంచేవాళ్లు విప్పి తగిలించిన ఏప్రన్లు దులిపి, రాలిన పొడిని చిటికెడు చిటికెడు జేబులో వేసుకున్నాడు. అందరినీ సోదా చేసేది తనే, ఇక తనను అడిగేదెవరు? ఇంట్లో దాన్ని నూనెలో నానబెట్టి పూటకో చెంచా పట్టాడు. నొప్పి వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. మంచి పువ్వంతా ఈ ముసలాడే మాయం చేస్తున్నాడు, లేకపోతే ఎందుకు తగ్గదు?

ఇవాళ ఉండబట్టలేక అడిగేశాడు.

"పూలు నీ గదిలోకి పోయేటప్పుడు ఒక బరువు, వచ్చేటప్పుడు ఇంకో బరువు. తగ్గిందంతా ఎటు పోతోంది?"

"గాల్లోకి," నవ్వాడు ముసలాయన. "కాస్త తడి, కాస్త గ్యాసు. వేడికి ఆ గ్యాసు వదిలితేనే అది మందవుతుంది. పచ్చిది ఎంత తాగినా నొప్పికి ఉత్త ఆకుపసరే."

కాపలాదారు ఒక అడుగు దగ్గరికి జరిగాడు.

"ఎట్లా వేడి చేస్తారు?"

ముసలాయన కళ్లు చిన్నవయ్యాయి. "నీకెందుకయ్యా?"

"ఊరికే."

ఆయన అతని మొహంలోకి చూశాడు. "సన్నటి సెగ మీద. మాడిందా, అంతా బూడిదే," అని, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంట్లో ఎవరికి?"

కాపలాదారు డబ్బా మూత పెట్టి, రెండు చేతులతో ఆయనకు అందించాడు.

డ్యూటీ దిగి ఇంటికి దాదాపు పరిగెత్తాడు. ఈ పూటకైనా ఆమెను నిద్రపుచ్చాలి. ఇన్నాళ్లూ తాగించింది ఉత్త పసరు. గుమ్మంలో మరదలు నిలబడి ఉంది.

"బావా, అక్క ఇందాకే పోయింది. నిద్రలోనే."

అతను లోపలికి నడిచాడు. మరదలు వెనకే వచ్చింది.

"మధ్యాహ్నం కూడా ఆ మందు తాగింది. పని చేస్తోందా అక్కా అంటే, 'ఇందులో ఏం లేదే, మీ బావ చిన్నబుచ్చుకుంటాడని తాగుతున్నా' అంది."

వంటింటి కిటికీలో సగం ఖాళీ అయిన పచ్చటి సీసా, పక్కనే కడిగి బోర్లించిన చెంచా ఉన్నాయి.