నెలకోసారి హావా

జీపు వచ్చి ఆగేసరికి తీదా వాకిట్లో కూర్చుని చేటలో బియ్యం చూసుకుంటోంది. ఎడారి గాలి మొదలై నాలుగు రోజులైంది. ఎన్నిసార్లు చెరిగినా చేటలోకి దుమ్ము వచ్చి పడుతూనే ఉంది.

జీపు దిగిన డాక్టరమ్మ పేరు రమతులాయి. ఏటిగట్టున ఉన్న పరిశోధన కేంద్రంలో పని. ఫాలికుండా ఊళ్ళో ఆ కేంద్రాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు, సూదుల ఇల్లు అంటారు. డాక్టరమ్మ ముందు ఇంటి క్షేమం అడిగింది, పంట క్షేమం అడిగింది, కోళ్ళు మేకల క్షేమం కూడా అడిగింది. ఆ తర్వాత నెమ్మదిగా, "అవ్వా, హావా అంటే మీ అమ్మాయేనా?" అంది.

తీదా చేతిలో చేట ఒరిగి గుప్పెడు బియ్యం మట్టిలో పడ్డాయి.

చూరు కింద కుట్టుమిషను ముందు కూర్చున్న కొడుకు ఆదమా జవాబు చెప్పాడు. "మా చెల్లెలండీ. కవలలం. ఐదేళ్ళప్పుడే పోయింది. సరిహద్దు అవతల, కాసమాన్స్‌లో మా అమ్మమ్మ దగ్గర పెరిగేది. అక్కడే పోయింది."

డాక్టరమ్మ తల పంకించింది. ముప్ఫై నాలుగేళ్ళ కిందట సూదుల ఇంటివాళ్ళు ఈ చుట్టుపక్కల పసిపిల్లల మీద మలేరియా మందొకటి పరీక్షించారు. సగం మందికి మందు, సగం మందికి మందులాంటి తీపినీళ్ళు. ఎవరి సీసాలో ఏముందో పోసేవాళ్ళకీ తెలియదు, తాగేవాళ్ళకీ తెలియదు. నెలనెలా బరువు చూడడం, పొడవు కొలవడం, వేలు గుచ్చి నెత్తురు తీయడం, ఐదేళ్ళు నిండేదాకా అదే పని.

"ఆ నెత్తురు ఇంకా మంచుపెట్టెల్లో ఉందవ్వా," అంది డాక్టరమ్మ.

"ఇంకానా?" అంది తీదా. "పాడైపోదూ?"

"పోదు. తీసిన రోజున ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంటుంది. ఆ మందు మళ్ళీ పిల్లలకిద్దామని ఆలోచిస్తున్నాం. అందుకే పాతవన్నీ మళ్ళీ చూస్తున్నాం. హావా పేరున మూడో ఏట తీసిన గొట్టం ఒకటి పరీక్షకి పెట్టాను." ఆమె సంచిలోంచి కాగితం తీసి చూసింది. "అందులో ఉన్నది మగపిల్లాడి నెత్తురు."

ఆదమా పగలబడి నవ్వాడు. "అయితే నన్నే రెండుసార్లు పొడిచుంటారు! అప్పుడు ఇల్లిల్లూ తిరిగింది వాండీఫా బాబాయి కదండీ. ఆయనకి తన రెండు చెప్పుల్లో ఏది ఎడమదో ఏది కుడిదో ఇప్పటికీ అనుమానమే."

డాక్టరమ్మ కూడా నవ్వింది. ఎల్లుండి ఆ పాత పుస్తకం తెస్తాననీ, వాండీఫానీ వెంటబెట్టుకొస్తాననీ చెప్పి వెళ్ళింది.

సాయంత్రం అన్నం పళ్ళెం చుట్టూ కూర్చున్నప్పుడు ఆదమా వేరుశనగ పులుసు కలుపుకుంటూ తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "అమ్మా, దాని నడుముకి నీలం పూసలుండేవి కదూ? నడిస్తే గలగలమనేవి. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. బరువు చూసే రోజున నెలకోసారి వచ్చేది. నువ్వు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తలకి గుడ్డ కట్టేదానివి. నీ చేతుల వాసన కూడా గుర్తుంది. నువ్వు 'హావా, హావా' అని పిలవడం గుర్తుంది. ముఖం మాత్రం గుర్తురాదు. ఎంత తన్నుకున్నా రాదు. విచిత్రం కదూ?"

తీదా చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి లేచింది.

మర్నాడు పొద్దున్నే ఆమె వాండీఫా ఇంటికి వెళ్ళింది. డెబ్బై అయిదేళ్ళ ముసలాడు బొగ్గుల కుంపటి ముందు చతికిలబడి టీ కాస్తున్నాడు. ఆమె భర్త వంశానికీ అతని వంశానికీ తాతల నాటి వేళాకోళపు వరస. ఎదురుపడితే తిట్టుకోకుండా పలకరించుకోవడం తప్పు. ఎంత మాటన్నా రోషం తెచ్చుకోవడం ఇంకా పెద్ద తప్పు.

"వచ్చిందయ్యా ఆకలిగొట్టు కొంపది! మా కుండ బోర్లించేశాం వదినా, ఎదురింటికి వెళ్ళు."

"మీ కుండ నిటారుగా ఉన్నదెప్పుడు గనక? మా మామగారు గంజి పొయ్యకపోతే మీ నాన్న గడ్డి తినేవాడు," అంది తీదా. అలవాటు కొద్దీ నోరు ఆ మాట అనేసింది గాని నవ్వలేదు. అతను అది చూసి టీ గిన్నె దించేశాడు.

"గొట్టాలు చూశారట వాండీఫా. మగపిల్లాడి నెత్తురని తెలిసిపోయింది."

వాండీఫా కుంపట్లో బొగ్గుల మీద బూడిద కప్పాడు.

పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ తీదాకి ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. కవలలకి మూడోనెల రాకముందే భర్త ఏట్లో పడవ మునిగి పోయాడు. పదమూడో నెలలో తమ్ముడి పెళ్ళికని పిల్లలిద్దర్నీ ఎత్తుకుని కాసమాన్స్‌కి వెళ్ళింది. అక్కడ హావాకి జ్వరం వచ్చింది. మూడు రోజులంతే. తీదా తల్లి మనవరాలిని మట్టి చేయించి వచ్చి కూతురి నోరు అరచేత్తో మూసింది. "ఏడవకు. కవల పోయిందని రెండోవాడి చెవిన పడితే వెనకాలే పోతాడు. దాని పేరు పక్కన ఆ మాట ఎప్పుడూ అనకు." తీదా ఒక్క బిడ్డతో తిరిగొచ్చింది. పిల్ల ఏదని అడిగినవాళ్ళకి, పాలు మాన్పించడానికి అమ్మ దగ్గర వదిలానంది. ఎవరూ మళ్ళీ అడగలేదు. పాలు మానే పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదలని ఇల్లు ఊళ్ళో ఎక్కడుంది?

అడిగింది వాండీఫా ఒక్కడే. రెండుసార్లు కనబడని పిల్లల పేరు కొట్టేయమని సూదుల ఇంటి నియమం. కొట్టేస్తానన్న మాట విన్నాక ఆ రాత్రంతా తీదా కూర్చునే ఉంది. తెల్లారాక ఆదమా నడుముకి నీలం పూసలు కట్టింది, తలకి గుడ్డ చుట్టింది, ఇంట్లోకి వచ్చిన వాండీఫా ముందు నిలబెట్టింది.

"'పేరు?' అన్నాను," అన్నాడు వాండీఫా, ఆమె ఏమీ అడక్కుండానే. "'హావా' అన్నావు. నీ మొహం చూశాక నా కలం ఇంకేం రాస్తుంది వదినా? పొద్దున వాణ్ణి ఆదమాగా తూచేవాణ్ణి, సాయంత్రం పూసలతో తూచేవాణ్ణి. రెండు సీసాలూ వాడికే పోసేవాణ్ణి. ఆడపిల్ల కదా అని పావుకిలో తగ్గించి రాసేవాణ్ణి. నాకు పుట్టిన పిల్లలెప్పుడు నడిచారో నాకు గుర్తులేదు. ఆ పిల్లని మాత్రం నాలుగేళ్ళు పుస్తకంలో నేనే పెంచాను. ఇప్పటికీ సంతలో ముప్ఫై నాలుగేళ్ళ ఆడమనిషి ఎవరైనా ఎదురైతే..." మిగతాది మింగేశాడు.

తీదా కుంపటి పక్కన కూర్చుంది. అతనికి తెలియంది ఒకటుంది. అదంతా పేరు కొట్టేస్తారన్న భయంతో మొదలుపెట్టిందే గాని తర్వాత నెలలో ఆ ఒక్క సాయంత్రం కోసమే ఆమె బతికింది. పూసలు కట్టగానే వాడు హావా అని పిలిస్తే పలికేవాడు. ఒళ్ళో కూర్చునేవాడు. దీపం పెట్టేదాకా పూసలు విప్పేది కాదు. ఐదేళ్ళు నిండాక, ఇక రామని సూదుల ఇంటివాళ్ళు చెప్పిన రోజునే ఆమె కూతురు పోయింది. అందుకే అడిగిన వాళ్ళకి ఐదేళ్ళని చెప్పింది. అసలు చావు మాట మాత్రం, అమ్మ చెప్పినట్టే, ఎప్పుడూ పెదవి దాటనివ్వలేదు.

"వాడికి తెలియకూడదు వాండీఫా. వాడికి చెల్లెలు ఉంది. చప్పుడుతో సహా గుర్తుంది. ఇప్పుడు అది నువ్వేరా అని ఎలా చెప్పను?"

"నువ్వేం చెప్పకు. చీటీలు తారుమారు చేశానని నేనే ఒప్పుకుంటా. తాగి చేశానంటా."

"నువ్వు తాగవుగా?"

"అబద్ధమాడేటప్పుడు పీనాసితనం దేనికి వదినా?"

అంత బెంగలోనూ ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది.

అనుకున్న రోజున డాక్టరమ్మ పుస్తకంతో వచ్చింది. అట్ట చెదలు కొట్టి ఉంది, లోపల వాండీఫా చేతిరాత నీలంగా, నిక్కచ్చిగా ఉంది. ఒక పేజీ ఆదమాది, ఎదుటి పేజీ హావాది. పోల్చి చూడడానికి ఆమె ఆదమా వేలు గుచ్చి రెండు చుక్కలు తీసుకుంది. అతను వేలు చప్పరిస్తూ, "చెల్లెలికి గుచ్చినప్పుడు నాకూ నొప్పెట్టేదండీ. కవలలకి అలాగే ఉంటుందంటారు," అన్నాడు. డాక్టరమ్మ అతని వంక చూసింది, తర్వాత హావా పేజీ వంక చూసింది.

వాండీఫా ముందుకు జరిగాడు. "తల్లీ, తప్పు నాది. సీసాలూ చీటీలూ కలగాపులగం చేశాను. ఇంట్లోవాళ్ళకి ఏ పాపమూ తెలియదు."

"ఎప్పట్నుంచి తాతా?"

వాండీఫా తీదా వైపు చూశాడు. ఆ ప్రశ్న వస్తుందని ఇద్దరూ అనుకోలేదు.

"మొదట్నుంచీ," అన్నాడు.

డాక్టరమ్మ నిట్టూర్చింది. సంచిలోంచి ఎర్ర కలం, స్కేలు తీసింది. "అయితే ఈ రెండు పేజీలూ కొట్టేయాలి. ఎవరు ఏది తాగారో, ఏ బరువు ఎవరిదో తెలియనప్పుడు ఇందులో ఒక్క అంకె కూడా నమ్మడానికి లేదు. తప్పు రాతని ఉంచితే రేపు వేరే పిల్లల ప్రాణాల మీదికొస్తుంది." హావా పేజీలో మొట్టమొదటి వరుస కింద స్కేలు పెట్టింది.

"ఆగు!"

ఆ అరుపు తనదేనని తీదాకి కాసేపటికి గాని తెలియలేదు. లేచి వచ్చి స్కేలు మీద చెయ్యి వేసింది. "అది నిజం. పన్నెండు నెలలు నిజం. అది దానిదే. దాన్ని కొట్టకమ్మా, నీకు పుణ్యముంటుంది."

"వదినా!" అన్నాడు వాండీఫా.

ఆమె వినలేదు. కొడుకు వైపు చూస్తే చెప్పలేనని పుస్తకం వైపే చూస్తూ చెప్పింది. పెళ్ళి సంగతి, మూడు రోజుల జ్వరం సంగతి, పూసల సంగతి. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఆగితే ఇక నోరు రాదని ఆమెకి తెలుసు.

ఆదమా తన నడుము వంక చూసుకున్నాడు.

"అయితే ఆ పూసలు..."

"నీ నడుముకే నాయనా."

"నువ్వు ఒళ్ళో కూర్చోబెట్టుకుని పిలిచింది..."

"నిన్నే."

"అందుకే ముఖం గుర్తురాలేదు," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమెకి తేలికయ్యేది. "మన ముఖం మనకెలా కనపడుతుంది?"

డాక్టరమ్మ తలొంచుకుని తన దగ్గరున్న కాగితాలు తిరగేసింది. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పింది. "మీ సీసాలో ఉన్నది ఉత్త తీపినీళ్ళు. మందు మీ చెల్లెలి సీసాలో ఉంది. తర్వాత నాలుగేళ్ళు దాన్ని తాగింది మీరే."

ఆదమా చెయ్యి తనకు తెలియకుండానే గొంతు మీదికి వెళ్ళింది.

"అవ్వా, చనిపోయిన రోజు చెప్పగలవా? రాయాలి."

ముప్ఫై మూడేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. "రజబ్ నెల మూడో గురువారం. మధ్యాహ్నం నమాజుకి ముందు." అది పైకి చెప్పాక తీదా భయంగా కొడుకు గుండెల వైపు చూసింది. అవి లేస్తూ పడుతూనే ఉన్నాయి.

"మనం దేవుని వాళ్ళం, ఆయన దగ్గరికే తిరిగి పోతాం," అన్నాడు ఆదమా. ఎవరైనా పోయారని విన్న వెంటనే అనే మాట అది. వాండీఫా అరచేతులు పైకెత్తి కన్నీళ్ళ మధ్య ఏదో చదివాడు. డాక్టరమ్మ పన్నెండో వరుస కింద ఎర్రగీత గీసింది. ఆ గీత కింద నలభై ఎనిమిది వరుసలున్నాయి. వాటి మీద అడ్డంగా ఇంకో గీత గీసింది.

"అది ఎలా ఉండేదమ్మా?" అని అడిగాడు ఆదమా. "నిజంగా ఉన్నది."

తీదా కళ్ళు మూసుకుంది. పూసలు కనబడ్డాయి, తలగుడ్డ కనబడింది, దాని కింద ఆదమా ముఖం కనబడింది. ఇంకా వెనక్కి వెళ్ళి వెతికింది. అక్కడా అతనే. "తెలియట్లేదు నాయనా," అంది. "ఎక్కడ చూసినా నువ్వే ఉన్నావు."

ఆమె అంత భయపడింది ఎప్పుడూ లేదు, పడవ మునిగిన కబురు వచ్చినప్పుడు కూడా.

కాసేపటికి ఆదమా డాక్టరమ్మతో, "ఆ గీత పైన ఉన్నవి చదవండి. మెల్లిగా," అన్నాడు.

"మొదటి నెల. రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. నిద్రలో తూచాను." డాక్టరమ్మ వేలు కిందికి జరిపింది. "రెండో నెల, మూడు కిలోల ఆరు వందలు... నాలుగో నెల. పొడవు సరిగ్గా రాలేదు. పిల్ల ఎడమ కాలు చాపదు... ఐదో నెల. కాలు చాపదు. ఏడో నెల. కాలు చాపదు, గట్టిగా పట్టుకుంటే నవ్వుతుంది..." ఆమె పేజీ దగ్గరికి వంగింది. "ఇక్కడ పక్కన ఏదో వంకర గీత ఉంది. దాని కింద తాత రాశారు. 'తొమ్మిదో నెల. కలం లాక్కుంది. ఇది పిల్ల గీసిన గీత.'"

ఆదమా లేచి వచ్చి పుస్తకం మీదికి వంగాడు. అంగుళం కూడా లేదా గీత. మధ్యలో ఒకచోట గట్టిగా నొక్కడం వల్ల కాగితం చిరిగింది. దాన్ని ముట్టుకోబోయి, చేతికి మిషను నూనె ఉందని వెనక్కి తీసుకున్నాడు.

"పన్నెండో నెల. ఏడు కిలోల ఎనిమిది వందలు. పట్టుకోకుండా నిలబడింది."

డాక్టరమ్మ వేలు ఎర్రగీత దగ్గర ఆగింది.

"తర్వాత?" అన్నాడు ఆదమా.

"తర్వాతవన్నీ మీరే."

తీదా ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. ఎక్కడో లోపల, పొడవు కొలిచే బల్ల మీద, ఎడమ కాలు ముడుచుకుని ఒక పిల్ల పడుకుని ఉంది. దాని ఒంటి మీద పూసల్లేవు. అది ఆదమా కాదు. ముఖం అటు తిప్పి ఉంది. ఇటు తిరుగుతుందేమోనని, కళ్ళు తెరిస్తే పోతుందేమోనని, కొడుకు రెండుసార్లు పిలిచినా ఆమె పలకలేదు.