షుగర్ తగ్గిన రోజు

ఆ పొద్దున లాస్‌పేటలో తన వీధిలో విజయరంగన్ చెప్పని గడప లేదు. బొండాకి షుగర్ తగ్గిపోయిందట! బొండా అంటే ఆయన పెంచుకునే బొద్దు కుక్క. రెండు పూటలా దానికి ఇన్సులిన్ సూది వేసేది ఆయనే. ఎన్నాళ్ళుగానో మూడొందల కిందికి దిగనని మొండికేసిన మీటరు అరవై చూపించేసరికి, మనిషి కాళ్ళు నేల మీద నిలవలేదు. "వాడు తినకుండా పడుకోనుండాడు, చూడండి" అని భార్య సుగంధి మొత్తుకుంటున్నా వినకుండా, మైసూర్‌పాక్ కట్టించుకుని, కుక్కని ఆటోలో వేసుకుని పశువుల డాక్టరు జనని దగ్గరికి పరుగెత్తాడు.

"నోరు తీపి చేసుకో డాక్టరమ్మా! షుగర్ తగ్గిపోయింది!"

జనని పొట్లం వంకే చూడలేదు. బొండా చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కింది.

"ఉచ్చ పోస్తా ఉండాడా అంకుల్?"

"అదీ తగ్గిపోయింది! మునుపు ఊరికూరికే తలుపు గీకేవాడు. నిన్నట్నుంచి యాడా చుక్క తడి లేదు!"

జనని మొహం చూశాక గానీ ఆయన నవ్వు ఆగలేదు.

"రోగం తగ్గలేదు అంకుల్. కిడ్నీలు ఉన్నట్టుండి పని మానేసి పడుకున్నట్టుండాయి. మిగిలిపోయిన ఇన్సులిన్‌ని ఒంట్లోంచి తీసేసేదాంట్లో వాటికీ పాలుంది. ఇప్పుడు పాత మందు లోపలే నిలిచిపోతా ఉంది, మీరు దాని మీద కొత్తది వేస్తా ఉండారు. తిండీ లేదు. అందుకే షుగర్ పడిపోయింది."

రక్తం పరీక్ష కూడా అదే చెప్పింది. వాన నీళ్ళలో అంటుకునే ఎలుక జ్వరమై ఉంటుందని మందు మొదలుపెట్టి, సెలైనూ గ్లూకోజూ ఎక్కించింది.

"బతుకుతాడా అమ్మా?"

"ఉచ్చ రావాల అంకుల్. వస్తే బతుకుతాడు."

సంబరపడి వీధంతా చాటినందుకు విజయరంగన్‌కి తన మీద తనకే ఒళ్ళు మండింది. మర్నాడు సాయంత్రం దాకా ఆసుపత్రిలోనే బొండాని ఒళ్ళో పెట్టుకుని కదల్లేదు. బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు.

ఉన్నట్టుండి తొడ మీద వెచ్చగా తగిలింది. పంచె తడుస్తోంది! అరవాలని నోటిదాకా వచ్చింది. అరిస్తే బొండా బెదిరి ఆపేస్తాడేమోనని భయం. ఊపిరి బిగబట్టి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, పంచె పూర్తిగా తడిసేదాకా బొమ్మలా కూర్చున్నాడు.

అప్పుడు వేశాడు కేక, "డాక్టరమ్మా!" అని, వీధి చివరికి వినిపించేలా.