ఎర్రంగి ముసలాయన, నీలంగి పిల్లగాడు

రెండువేల అయిదులో వనపర్తి పాత బస్టాండు దగ్గర అబ్దుల్ ఖాదర్ చాయ్ హోటల్లో టీవీ మీటలు పాడైపోయి, ఎప్పుడూ ఒకే చానల్ వచ్చేది. అది ఆటల చానల్. సోమవారం పొద్దున్నే అందులో అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ వచ్చేది. బంతిని కాలితో తన్నేది తక్కువ, మనిషి మీద మనిషి పడేది ఎక్కువ. బంతి కూడా గుండ్రంగా ఉండదు, బొప్పాయిపండులా ఉంటుంది.

శ్రీరంగాపూర్ రైతు సాయన్న ప్రతి సోమవారం పల్లికాయ యార్డుకు వచ్చి, ముందు ఖాదర్ దగ్గర చాయ్ తాగేవాడు. ఇద్దరిదీ ఇరవై ఏళ్ల స్నేహం. నాలుగు వారాలు చూశాక వాళ్లకు ఆటలో ఒక్క సంగతి అర్థమైంది. ఒక్కో జట్టులో ఒకడి చేతికి బంతి వస్తుంది. అవతలివాళ్లు మీదపడి కూల్చేలోగా వాడు దాన్ని తనవాళ్లలో ఎవరికో విసరాలి. వాణ్ని క్వార్టర్‌బ్యాక్ అంటారని డిగ్రీ చదువుతున్న ఖాదర్ కూతురు ఫర్హీన్ చెప్పింది.

"పొద్దుపొద్దున్నే నా హోటల్ల క్వార్టర్ మాట ఎందుకు బేటీ? గిరాకీలు ఏమనుకుంటరు?" అన్నాడు ఖాదర్. అప్పటినుంచి అలా బంతి విసిరేవాణ్ని ఇద్దరూ 'పంచేటోడు' అన్నారు.

ఖాదర్‌కు ఎర్ర అంగీ జట్టు పంచేటోడు నచ్చాడు. పద్నాలుగేళ్లుగా ఆడుతున్నవాడు, గడ్డం నెరిసింది. సాయన్న మనసు నీలం అంగీ కుర్రవాడి మీద పడింది. వాడికిదే మొదటి ఏడు.

"నీ ముసలాయన ఇంకెన్ని దినాలు ఖాదర్ భాయ్? పదేండ్ల తర్వాత ఎవడుంటడో చూడాలె గాని."

"నీ పిల్లగాడు బంతి దొరికితె నిప్పు పట్టుకున్నట్టు చేస్తుండు. ఎవనికి ఏస్తుండో వానికే తెల్వదు. గిట్లాంటోడు పదేండ్లుంటడా?"

మాట మాట పెరిగింది. డిసెంబరుకల్లా సాయన్న ఎదుటి హోటల్లో చాయ్ కొనుక్కుని, ఖాదర్ హోటల్లో టీవీ ముందు కూర్చుని తాగే దాకా వచ్చింది. ఖాదర్ ఆ గ్లాసు కడిగి ఎదుటి హోటల్‌కు పంపేవాడు.

చివరికి ఇద్దరిలో ఎవడు మేలో తేల్చడానికి మల్దకల్ లింగయ్యను పిలిపిద్దామనుకున్నారు. ముప్పై ఏళ్లుగా రైతులకు ఎడ్లు చూసిపెట్టే మనిషి. ఆయన ఎంచిన గిత్త చెడిపోయిందని ఇంతవరకు ఎవరూ తిరిగి రాలేదు.

రెండు జట్లూ ఎదురెదురుగా ఆడే సోమవారం లింగయ్య గద్వాల బస్సు దిగాడు. కాళ్లు కడుక్కుని టీవీ ముందు కూర్చున్నాడు.

"మూతులకు చిక్కాలు కట్టిండ్రేంది? పండ్లెట్ల చూడాలె?" అన్నాడు, టోపీలకున్న ఇనుప ఊచలు చూసి. ఎడ్ల వయసు ఆయన పళ్లు చూసే చెప్పేవాడు.

ఆట సాగుతున్నంతసేపూ ఆయన కళ్లు మూసుకున్నాడు. ఆట ఆగి ఆటగాళ్లు మైదానం పక్కనున్న బల్లవైపు నడిచినప్పుడు మాత్రం తెరిచాడు. "బరువు గుంజేటప్పుడు ఏ గిత్తయిన బాగనే కనవడ్తది. నీళ్లకు పోయేటప్పటి నడక చూడాలె" అన్నాడు.

రెండు గంటల తర్వాత తీర్పు చెప్పాడు.

"పిల్లగాడు మంచి జాతి. పదేండ్లు దున్నుతడు. కాని బెదురుతుండు. ముసలాయన బెదరడు, మోకాళ్లు అయిపోయినయ్. గీ ఇద్దరిని ఎదురెదురు నిలబెట్టినోడెవడు? కొత్త గిత్తను ముసలెద్దు జతల కట్టాలె. ఒక్క కాడికి కట్టుండ్రి, ఏడాదిల నేర్చుకుంటది."

అని బస్సుకు వేళయిందని వెళ్లిపోయాడు.

ఇద్దరూ ఆ తీర్పుకు ఒప్పుకున్నారు. కానీ అమెరికా వాళ్లకు ఎవరు చెప్పాలి? ఫర్హీన్‌ను ఉత్తరం రాయమన్నారు. ఆమె మొదట నవ్వింది. తండ్రి ముఖం చూసి ఆపి, కాగితం తీసుకుంది. సాయన్న లింగయ్య తీర్పంతా రాయించి, చివర ఇలా చెప్పాడు: "మీకు బుద్ధి చెప్పేటంత పెద్దోళ్లం కాము. కాని కండ్ల ముందర మంచి గిత్త పాడైతుంటె సప్పుడు చేయకుండ ఉండలేక రాస్తున్నం." ఆమె దాన్ని ఇంగ్లీషులో పెట్టి, నెట్ సెంటర్లో నీలం జట్టు చిరునామా వెతికింది. పోస్టాఫీసులో గుమాస్తా లోపలేముందని అడిగితే, "ఎడ్ల ముచ్చట" అన్నాడు సాయన్న.

మరుసటి సెప్టెంబరులో మొదటి ఆట నాడు ముసలాయన నీలం అంగీలో దిగాడు. సాయన్న బల్లెక్కి నిలబడ్డాడు. ఆటగాళ్లు ఏటా జట్లు మారుతూనే ఉంటారని ఫర్హీన్ చెప్పింది గానీ ఎవరూ వినలేదు. లింగయ్యకు ఫోన్ చేస్తే, "మరి చెప్పిన గద" అని, మీ దిక్కు వానలు పడ్డయా అని అడిగాడు.

అయితే ఆడేది ముసలాయనే. కుర్రవాడు ఒక రాసుకునే అట్ట పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. సాయన్న మూడు వారాలు ఓర్చుకున్నాడు.

"మన ఉత్తరంతోనే వాని నోట్ల మన్ను పడ్డది ఖాదర్ భాయ్."

"జర ఆగు సాయన్న. ముసలాయన బయటికి వచ్చినప్పుడల్లా వాని చెవిల ఏందో చెప్తుండు, చూడు."

ఎనిమిదో వారం ముసలాయన మోకాలు పోయింది. నలుగురు మోసుకుపోయారు. ఖాదర్ తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు. తన కుర్రవాడు మైదానంలోకి వస్తున్నా సాయన్న టీవీ వైపు చూడలేదు. లేచివెళ్లి ఖాదర్ భుజం పట్టుకున్నాడు.

కుర్రవాడు బంతి అందుకున్నాడు. ఆగాడు. చుట్టూ చూసి విసిరాడు.

"బెదురుతలేడు" అన్నాడు ఖాదర్.

"ఆఁ, బెదురుతలేడు."

మరుసటి సోమవారం సాయన్న ఖాదర్ చాయే తాగాడు. ఇద్దరికీ ఇప్పుడు పంచేటోడు ఒక్కడే. వాదించుకోవడానికేమీ మిగల్లేదు. చాయ్ కూడా చప్పగా అనిపించింది. అప్పుడు సాయన్న అవతలి జట్టులో పచ్చ అంగీవాణ్ని చూపించాడు.

"గీడెవడో మంచిగున్నడు. పన్నెండేండ్లు ఆడ్తడు."

ఖాదర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "వాడా? వానికి మెడనే లేదు!"