వేగం తగ్గించే పెట్టె

బంగాళదుంపల గోడౌన్‌లో ఆ బెల్టుకి మొదటినుంచీ ఒకటే పరుగు. స్విచ్చి వేస్తే ఒక్క కుదుపుతో ఉరుకుతుంది, తీస్తే ఆగుతుంది, మధ్యేమార్గం తెలియదు. దాని పక్కన నిలబడి కుళ్ళిన దుంపలు ఏరే ఆడవాళ్ళలో అందరికంటే పెద్దది అక్కడి ఎలక్ట్రీషియన్‌కి సొంత అక్క. తల్లి పోయాక అతన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఇప్పుడు ఆవిడ వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు తిరిగాయి. కుళ్ళువి కళ్ళకు కనబడుతూనే చేతికందకుండా జారిపోతున్నాయి. ఇలాగే జారితే పనిలోంచి తీసేస్తారు. తమ్ముడి ఇంట్లో తిని కూర్చోమంటే మాత్రం కస్సుమంటుంది.

అందుకే అతను మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు. మోటారుకి డ్రైవ్ పెడదామన్నాడు. మోటారు వేగాన్ని మన చేతిలో పెట్టే పెట్టె అది.

"బెల్టు మెల్లగా కదులుతుంది సార్. కుదుపు లేకపోతే గేర్‌బాక్సు పళ్ళు అరగవు, అతుకులు తెగవు" అన్నాడు. అక్క మాట ఎత్తలేదు.

మేనేజరు సరేనన్నాక అతను, కుండ కొనేవాడు కొట్టి చూసినట్టు షాపులో ప్రతి పెట్టెనీ పరీక్షించాడు. ఫ్యాన్లకీ పంపులకీ వాడే రకం వద్దన్నాడు. దుంపల బరువుతోనే బెల్టు కదలాలి కదా, ఒక సైజు పెద్దదే తీసుకున్నాడు. మోటారు నెమ్మదిస్తే దాని ఫ్యానూ నెమ్మదించి వేడెక్కుతుందని, విడిగా తిరిగే ఫ్యాన్ ఇంకొకటి అడిగాడు.

"అంత నెమ్మదిగా ఎవరు తిప్పుతారండీ?" అన్నాడు షాపువాడు. అతను నవ్వి ఆ ఫ్యాన్‌ని చంకన పెట్టుకున్నాడు.

పెట్టె బిగించిన రోజు అక్క ఒక్క కుళ్ళుదుంపనీ వదల్లేదు.

"ఇన్నాళ్ళూ ఇది నన్ను తరిమిందిరా. ఇవాళ నాతోపాటు నడుస్తోంది" అంది. అతనికి కడుపు నిండిపోయింది.

వారం తిరక్కుండా మేనేజరు వచ్చి పెట్టె మీది మీట ముందు నిలబడ్డాడు.

"ఇటు తిప్పితే నెమ్మది. మరి అటు తిప్పితే?"

కొరివితో తల గోక్కోవడమంటే అదే. మీటకి రెండు వైపులుంటాయని పసిపిల్లలకీ తెలుసు, అక్క మీది ప్రేమలో ఆ మహానుభావుడికే తట్టలేదు. మధ్యాహ్నానికల్లా బెల్టు పాత పరుగుని మించిపోయింది.

"ఇంతకంటే తగ్గకుండా లాక్ పెట్టు. ఆ లాక్ నంబరు నాకు తప్ప ఎవరికీ తెలియకూడదు."

"మోటారు తట్టుకోదేమో సార్..."

"ఇదే కదయ్యా, ఎంత బరువైనా లాగుతుందని నువ్వు ఏరి తెచ్చింది?"

బెల్టు పక్కనుంచి అక్క చూస్తుండగానే తన చేత్తోనే లాక్ నొక్కాడు.

ఆ నెలాఖరుకి ఆవిణ్ణి మానిపించేశారు. వెళ్తూ వెళ్తూ మోటారు దగ్గర ఆగింది.

"ఈ రెండో ఫ్యాన్ ఎందుకురా?"

"నెమ్మదిగా నడిపినప్పుడు వేడెక్కకుండా, అక్కా."

ఆవిడకి అప్పుడర్థమైంది. కాసేపు ఆ ఫ్యాన్ వంకే చూసి, చిన్నప్పుడు బడికి పంపేటప్పటిలా వంకర వేళ్ళతో అతని కాలరు సర్దింది. అతను వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఊరుకోరా, నలుగురూ చూస్తున్నారు" అంది. "మంచి పెట్టే తెచ్చావు. ఒక్క కుదుపైనా లేకుండా నన్ను పంపించేసింది."