ఖబజేలా గారికి పనికొచ్చే ఎలుక

తాత పోయాక మా గోగో మాట్లాడటం మానేసింది. గోగో అంటే మా నాన్నమ్మ. అంతకుముందు ఆవిడ ఇంట్లో తిడితే మా ఉమ్లాజి ఊరు మొత్తం ఎవరి పనులు వాళ్ళు సరిగ్గా చేసుకునేవాళ్ళు. అలాంటి మనిషి కిటికీ దగ్గర కూర్చుని, జావ చల్లారేదాకా గిన్నె వైపే చూసి, చల్లారాక పక్కన పెట్టేసేది.

అప్పుడే నేనొక పామును తెచ్చుకున్నాను. ఆవిడ కోసమేం కాదు, నాకిష్టం. చాక్లెట్ రంగు, కంటి పక్కన తెల్లటి చారలు, విషం లేనిది. ఇళ్ళ చుట్టూ తిరిగే రకం. అద్దాల పెట్టెలో పెట్టి, పైన దుప్పటి కప్పి, గోగోతో చేపల తొట్టి అని చెప్పాను.

"నీళ్ళేవిరా?"

"ఎండు చేపలు గోగో."

ఒకరోజు నేను ఇంటికొచ్చేసరికి దుప్పటి తీసేసి ఉంది. గోగో పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పెద్దవాళ్ళ ముందు కూర్చున్నట్టు తల వంచుకుని ఉంది.

"ఖబజేలా! ఇన్నాళ్ళకా రావడం?" అంటోంది.

ఖబజేలా అనేది మా వంశం పేరు. తాతను ఆవిడ జీవితమంతా ఆ పేరుతోనే పిలిచింది. మా వాళ్ళల్లో పోయిన పెద్దలు ఇల్లు చూసుకోవడానికి పాము రూపంలో వస్తారు, అందులో వింతేం లేదు. వింతల్లా, మా తాత పైన్‌టౌన్‌లో థొబెకా అనే అమ్మాయి గరాజులో గుడ్డులోంచి వచ్చాడు. రసీదు కూడా ఉంది.

ఆ రసీదు సంగతి నేనెత్తలేదు. ఎందుకంటే ఆ పూట గోగో జావ మొత్తం తాగి, ఇంకొంచెం పొయ్యమంది.

అప్పట్నుంచి ఇల్లు ఇల్లయింది. గోగో పొద్దున్నే పెట్టె ముందు కూర్చుని పింఛను ఆఫీసు మీద, పక్కింటి కోళ్ళ మీద, నా జుట్టు మీద ఫిర్యాదులు చెప్పేది. పాము శ్రద్ధగా వినేది. దానికి చెవుల్లేవని నేను చెబితే, "మీ తాతకీ ఉండేవి కాదు" అంది.

పాము భోజనం నా బాధ్యత. థొబెకా పాములతో పాటు వాటి కోసం ఎలుకల్ని కూడా పెంచుతుంది. బయటి ఎలుకలు కాదు, పుట్టిన దగ్గర్నుంచి డబ్బాల్లో శుభ్రంగా పెరిగినవి. వాటిని గడ్డకట్టించి ఇస్తుంది. నేను ఐస్‌క్రీం డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో దాచేవాణ్ణి. మా ఊళ్ళో ఏ ఇంట్లోనూ ఐస్‌క్రీం డబ్బాలో ఐస్‌క్రీం ఉండదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఇలా ఉండగా ఎవడో మా వీధి కరెంటు తీగలు ఎత్తుకుపోయాడు. కరెంటు రోజుల తరబడి లేదు. ఫ్రీజర్లోని ఎలుకలు కరిగి, కుళ్ళి, డబ్బా మూత తీస్తే ఎదురింటి కుక్క దేశం వదిలి వెళ్ళిపోయింది. అన్నీ పారేశాను. థొబెకాకి ఫోన్ చేస్తే శనివారం వస్తానంది.

"మరి ఖబజేలా అప్పటిదాకా ఏం తింటారు?" అంది గోగో.

"ఏం తినక్కర్లేదు గోగో. పాములు వారాలకు వారాలు ఆగగలవు."

"ఆయన ఆకలితో ఉంటే నేను తినడమా?"

గిన్నె పక్కన పెట్టేసింది. పాము ఆగగలదు, గోగో ఆగలేదు. ఆవిడ మళ్ళీ ఆ కిటికీ దగ్గరి కుర్చీలోకి వెళ్ళిపోతే ఈసారి లేపేవాళ్ళు లేరు.

నేను గడ్డం పట్టుకుని బతిమాలాను. ఆవిడ కదల్లేదు. పైగా గేటు దగ్గరికి వెళ్ళి వీధికంతా చెప్పింది, ఖబజేలా పస్తున్నారని.

ఇక వీధి ఊరుకుంటుందా? తాత అందరికీ కావలసినవాడు. మధ్యాహ్నానికి మాడ్లోమో రానే వచ్చింది, చేతిలో పెయింటు బకెట్‌తో. పక్కింటావిడ, గోగోకి ప్రాణ స్నేహితురాలు, ఆ కోళ్ళ యజమానురాలు. వెనకాల సగం వీధి.

"చూడండర్రా! చెత్తకుండీ పక్కన పట్టపగలు ఎలుక కూర్చుని ఉంది. నన్ను చూసి పారిపోలేదు. ఖబజేలాకి ఆకలిగా ఉందమ్మా అని బకెట్ అడ్డం పెట్టాను. తనంతట తనే నడుచుకుంటూ లోపలికొచ్చింది!"

"ఆ!" అన్నారందరూ. మా వాళ్ళకి ఇది చాలా పెద్ద సంగతి. పెద్దలకిచ్చే పశువు ఇష్టపడి రావాలి. ఇష్టపడి వచ్చిందంటే పెద్దలే పిలిచారన్నమాట. గోగో కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, రెండు చేతులూ చాచి ఆ బకెట్ అందుకుంది.

నేను తొంగి చూశాను. ఎలుక చిన్న కుక్కపిల్లంత ఉంది. తూలుతోంది.

పారిపోని ఎలుకంటే నాకు భయం. ట్యాక్సీ స్టాండు దగ్గర చిన్న సీసాల్లో అమ్మే ఎలుకల మందు మా వీధిలో ఉప్పు లేని ఇంట్లో కూడా ఉంటుంది. ఆ మందు తిన్న ఎలుకే పట్టపగలు బయటికొచ్చి, మనిషిని చూసి కూడా కదల్లేక కూర్చుంటుంది. తేలిగ్గా దొరికేది అదే. దాన్ని మింగిన పాము కూడా అదే దారి పడుతుంది.

"అమ్మా, చాలా పెద్దదిది. పాము నడుం ఎంత లావో ఎలుక అంతకు మించకూడదు," అన్నాను.

"కోసి పెట్టు," అంది మాడ్లోమో.

"బతికున్నది పెడితే పామునే కొరుకుతుంది."

"ఇదా? ఇంత మర్యాదస్తురాలిని నేను మా చర్చిలో కూడా చూళ్ళేదు."

జనం నవ్వారు. గోగో అప్పటికే పెట్టె మూత మీద చెయ్యి వేసింది. ఇక దాచి లాభం లేదు.

"గోగో, ఆగు! ఈ ఎలుక విషం తింది."

నవ్వులు ఆగిపోయాయి. మా దగ్గర ఒకరు తెచ్చినదాంట్లో విషం ఉందనడం అంటే ఆ మనిషిని మంత్రగత్తె అనడమే.

"ఏంట్రా అన్నావ్?" మాడ్లోమో నా ముందుకొచ్చింది. "నేనా? ఖబజేలాకి నేను విషం పెడతానా? నీ మొలతాడు కట్టిన చేతులివి!"

"మీరు కాదమ్మా, ఎలుక..."

"ఎలుక తెచ్చింది ఎవర్రా?"

జీవితంలో మొదటిసారి నిజం చెప్పాను. అలవాటు లేని పనులు చేస్తే ఇలాగే ఉంటుంది.

గోగో పెట్టె మూత మీద నుంచి చెయ్యి తీసింది. నన్ను చూసింది, స్నేహితురాల్ని చూసింది, బకెట్‌ని నేల మీద పెట్టింది.

"మాడ్లోమో, నువ్వు ఇంట్లో బీరు కాస్తే మొదటి గుక్క ఎవరు తాగుతారే?"

"నేనే. కాచినవాళ్ళే ముందు రుచి చూడాలి, అందులో ఏమీ కలపలేదని. అది చిన్నపిల్లలకీ తెలుసు."

"మరి దీన్ని కూడా ముందు నువ్వు రుచి చూడు."

మాడ్లోమో బకెట్‌లోకి చూసింది. ఎలుక ఆమె వైపు మర్యాదగా చూసింది.

"ఖబజేలా అంటే నాకు గౌరవమే," అంది చివరికి. "కానీ మరీ అంత గౌరవం లేదు."

గోగో పకపకా నవ్వింది. ఆవిడ నవ్వితే వీధి నవ్వింది, మాడ్లోమో కూడా ముక్కు తుడుచుకుని నవ్వింది. "సరే, దీన్ని పెంచిందీ నువ్వు కాదు, నేనూ కాదు," అంది గోగో. "ఎవరి చేతి కూడు తిని పెరిగిందో తెలియని ఎలుక ఆయనకొద్దు. ఏ చేతి కూడో తెలిసిందే కావాలి."

సాయంత్రానికి ఆ ఎలుక బకెట్‌లోనే చచ్చిపోయింది. ముక్కు దగ్గర రక్తం. మాడ్లోమో వంగి దాన్ని చూసింది.

"నా చేతులతో ఆయన్ని రెండోసారి పంపించేసేదాన్ని," అంది మెల్లగా. నేను చేతి తొడుగులేసుకుని ఎలుకని లోతుగా పాతిపెడుతుంటే పలుగు తెచ్చిచ్చింది. అంతకంటే పెద్ద థాంక్స్ నాకెవరూ చెప్పలేదు.

గోగో మాత్రం ఇంకా తినలేదు. రెండు గుక్కల టీ, అంతే. శనివారం పొద్దున థొబెకా ఐసు పెట్టెతో వస్తే నేను గేటు దగ్గరే ఆమె కాళ్ళ మీద పడబోయాను. ఆమె తప్పుకుంది.

ఐసు పెట్టెలో చిన్న చిన్న తెల్లెలుకలు. సైజు పాము నడుమంత, సరిగ్గా. గోగో కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంది.

"ఇవి నీ ఎలుకలా అమ్మాయ్?"

"అవును గోగో. నా చేతుల మీదే పుట్టాయి."

"అయితే రుచి చూడు."

థొబెకా నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, సంచిలోంచి ఒక డబ్బా తీసింది. అందులో ఓట్స్, మొక్కజొన్న నూక, ఎండిన క్యారెట్ ముక్కలు. "అవి పుట్టిన దగ్గర్నుంచి తిన్నది ఇదే గోగో, ఇంకేం లేదు," అని గుప్పెడు తీసి నోట్లో పోసుకుని కరకరా నమిలింది. ఇంకో గుప్పెడు గోగోకి రెండు చేతులతో అందించింది.

గోగో వాసన చూసింది. నోట్లో వేసుకుంది. మూడు రోజుల్లో ఆవిడ నమిలిన మొదటి ముద్ద అదే.

"ఉప్పు తక్కువ," అంది. "అయినా మంచి చేతి కూడు. పెట్టండి."

వెచ్చటి నీళ్ళు తాత ఎనామెల్ కప్పులోనే పొయ్యాలంది. అందులో కవరులో కట్టిన ఎలుక మెల్లగా కరిగింది. థొబెకా దాని పొట్ట నొక్కి చూసి, లోపల ఐసు గడ్డ లేదని తేల్చుకుని, పట్టకారుతో పెట్టెలోకి ఊపింది. పాము నాలుక ఆడించింది, ఆగింది, తటాలున అందుకుని చుట్టేసింది. తలుపు దగ్గర మాడ్లోమో చప్పట్లు కొట్టబోతే గోగో "ష్! ఆయన భోంచేస్తుంటే గోల చేస్తే ఆయనకి కోపం" అంది.

తోక కూడా లోపలికి పోయాక గోగో లేచి, వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీదికి పెద్ద కుండ ఎక్కించింది. తాత దినం తర్వాత అప్పటిదాకా ఆ కుండ అటక దిగలేదు. మాడ్లోమో వెళ్ళి కోడిని తెచ్చింది, గోగో ఏళ్ళుగా ఫిర్యాదు చేస్తున్న కోడినే.

నాకు ఎవరికి చేతులెత్తి మొక్కాలో తెలియలేదు. థొబెకాకి మొక్కాను. మాడ్లోమోకి మొక్కాను. ఓట్స్ డబ్బాకి మొక్కాను.

"ఒరేయ్, ఆ వేషాలాపి పళ్ళేలు కడుగు!" అని గోగో వంటింట్లోంచి అరిచింది. "నలుగురికీ పెట్టాలి. ముందు నేను రుచి చూస్తా."