కుర్చీతో పాటు వచ్చే మనిషి

అరవై కప్పులు పట్టే కాఫీ డబ్బాలో నీళ్ళు పోసి, పొడి వేసి, మీట నొక్కేసరికి నాలుగున్నరయింది. మీటింగు ఆరింటికి. ఈలోగా హైస్కూలు భోజనాల హాల్లో మార్లిస్ కుర్చీలు వరసగా వేయాలి. ఇంట్లో చేసి తెచ్చిన దాల్చినచెక్క రొట్టెలు కోసి పళ్ళాల్లో సర్దాలి. గోడకి దుప్పటంత కాగితాలు అంటించాలి. మొదటి కాగితం మీద పెద్దక్షరాలతో రాసింది: ‘మా కొత్త సూపరింటెండెంటు ఎలా ఉండాలి?’ ఓ అడుగు వెనక్కి వేసి చూసుకుంది. ఊరంతా కలిసి అల్లుణ్ణి వెతుక్కుంటున్నట్టుంది.

ఐరన్ కోవ్ ఊరి చుట్టుపక్కల ఉన్న ఐదు బడులకీ పెద్ద దిక్కు సూపరింటెండెంటే. పద్దెనిమిదేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్న ట్రస్కాట్ గారు జూన్‌లో దిగిపోతున్నారు. ఆ పద్దెనిమిదేళ్ళూ ఆయన గది బయట బల్ల దగ్గర కూర్చున్నది మార్లిస్. జూన్‌కి ఆవిడకీ ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగం నిండుతుంది, పెన్షను వస్తుంది. మానేద్దామా అన్న మాట రెండు నెలలుగా నోటి చివరిదాకా వచ్చి ఆగిపోతోంది. ఇంట్లో అంటే “మానేసి ఏం చేస్తావ్?” అంటారు. ఆఫీసులో అంటే “నువ్వు లేకపోతే ఎలా?” అంటారు. అందుకని ఎవరితోనూ అనలేదు.

ఆరయ్యేసరికి హాలు నిండింది. బూట్లకంటిన మంచు కరిగి నేలంతా తడి. కొత్త మనిషిని వెతికిపెట్టే కంపెనీ తరఫున రాజధాని నుంచి వచ్చిన అమ్మాయి తలుపు దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళకల్లా మూడేసి ఆకుపచ్చ చుక్కలు ఇస్తోంది, వెనక జిగురున్నవి. అందరి మాటలూ గోడ మీద రాశాక, ఎవరికి ఏది ముఖ్యమనిపిస్తే దాని పక్కన చుక్క అంటించాలి. మార్లిస్ కూడా చెయ్యి చాపింది.

“మీరు రాసేవాళ్ళు కదా మేడమ్, రాసేవాళ్ళకి చుక్కలుండవు,” అని నవ్వింది ఆ అమ్మాయి. “ఎవరేమంటే అది రాయండి చాలు. సొంతంగా ఏమీ కలపకండేం.”

మార్లిస్ చాపిన చేత్తోనే పక్కనున్న కలం తీసుకుంది.

బడుల బోర్డు ఛైర్మన్ గోర్డన్ నీమీ లేచి “ఊఁ, కానివ్వండి” అనడమే ఆలస్యం, తలో మాట మొదలెట్టారు.

“పిల్లల్ని పేరు పెట్టి పిలిచేవాడు కావాలి.”

“కాపురం ఈ ఊళ్ళోనే ఉండాలి. పొద్దున్నొచ్చి సాయంత్రం పోయేవాళ్ళని చూశాం.”

“ఫోను చేస్తే ఎత్తాలయ్యా, ముందు అది రాయమ్మా.”

“హాకీ ఆటకి రావాలి. వచ్చి ఊరికే కూర్చోడం కాదు, అరవాలి!”

“గట్టిమనిషై ఉండాలి.”

“అలాగని కరవకూడదు!”

అందరూ నవ్వారు. “మంచి ఇల్లాలున్నవాడైతే ఇంకా నయం,” అన్నాడు నీమీ. “మన కొరీన్ గారిలాగా. ఆవిడ ఆపిల్ కేకులతోనే సగం గొడవలు చల్లారాయి.” ట్రస్కాట్ గారి పక్కన కూర్చున్న ఆయన భార్య కొరీన్ నవ్వింది. పద్దెనిమిదేళ్ళుగా నవ్వుతున్న నవ్వే అది.

మార్లిస్ అన్నీ రాసింది. ట్రస్కాట్ గారు ఏ బడికి వెళ్ళే ముందైనా, ఏ తరగతిలో ఏ పిల్లాడికి చెయ్యి విరిగిందో, ఎవరి తాత పోయాడో, చిన్న కాగితం మీద రాసి ఆయన కోటు జేబులో పెట్టింది తనే. ఫోనెత్తి తిట్లు తిన్నదీ తనే. చావు కబురొస్తే ఓదార్పు ఉత్తరం రాసేది తను, కింద సంతకం ఆయనది. ఇదంతా తెలియనిది కాదు. తెలిసినా ఏమీ అనిపించడం లేదు. పచారీ సామాన్ల చిట్టా రాస్తున్నట్టుంది.

వెనక వరసలోంచి ఓ ముసలాయన లేచాడు. “మంచు కురిసిన రోజు చీకటితోనే తనే కారు తీసి, కొండ దార్లన్నీ చూసొచ్చి బడి ఉందో లేదో చెప్పేవాడు కావాలి. ట్రస్కాట్ గారిలాంటివాడు!” హాలంతా చప్పట్లు.

కలం ఆగలేదు. ‘మంచు రోజున తనే రోడ్లు తిరిగి చూడాలి’ అని రాసింది. పదకొండు చలికాలాలుగా ఆ రోడ్లు తిరిగింది మార్లిస్. నడుం పట్టేసిన ఏడాది ఆయన, “ఈ ఒక్క వారం నువ్వు చూసిరా మార్లిస్, నీ కళ్ళు నా కళ్ళు కావూ?” అన్నారు. ఆ వారం ఇంకా అవలేదు. నాలుగింటికి లేవాలి. కారు మీది మంచు గోకాలి. పాత గని దారి, చర్చి దిగుడు, సరస్సు ఒడ్డు రోడ్డు చూసుకుని ఐదుంబావుకి ఆయనకి ఫోను చెయ్యాలి. ఆయన దుప్పట్లోంచే రేడియో వాళ్ళకి చెప్పేవారు. తను ఇంటికొచ్చి, మొగుడు డేల్ పనికి పట్టుకెళ్ళే మాంసం కజ్జికాయలు వేడి చేసి డబ్బాలో పెడుతుంటే, ‘ట్రస్కాట్ గారు స్వయంగా చూసొచ్చారు’ అని రేడియో చెప్పేది. “మళ్ళీ పెట్రోలంతా ఊడ్చేశావా?” అనేవాడు డేల్. అత్తగారు ఇల్మా ఇంకో రెండాకులు ఎక్కువే చదివింది. “ఆడది చీకట్లో కారేసుకుని ఊరు తిరుగుతోందంటే నలుగురూ ఏమనుకుంటారే? ఆ సంగతి బయట అనకు.” మార్లిస్ అనలేదు. మూడో ఏడు గని మలుపులో కారు జారి గోతిలో పడింది. ఫోను చేస్తే ట్రస్కాట్ గారు మొదట అడిగిన మాట, “అయితే ఏమంటావ్, మూసేద్దామా?” అని. “మూసెయ్యండి” అంది. ఆ తర్వాత గంటన్నర గడ్డకట్టే చలిలో ఆ గోతిలోనే కూర్చుంది. అప్పట్నుంచీ కుడిచేతి రెండు వేళ్ళ చివర స్పర్శ లేదు. ఆ మొద్దుబారడం వేళ్ళతోనే ఆగిందా అని అప్పుడప్పుడూ అనుమానం వస్తుంది. అదీ భయంగా కాదు, ఊరికే.

“ఆగండాగండి!” బస్సు నడిపే జోలీన్ లేచింది. “నాలుగున్నరకి నేను బస్సు వేడెక్కించడానికి పోతుంటే మంచు పడ్డ రోజల్లా ఎదురయ్యేది మార్లిస్ ఎర్రకారే. పదకొండేళ్ళలో ఒక్కనాడైనా అందులో మీసాలు కనబళ్ళేదు నాకు. చాకిరీ ఒకరిదీ, చప్పట్లు ఇంకొకరివీనా?”

కొందరు నవ్వారు. తలలన్నీ మార్లిస్ వైపు తిరిగాయి. ట్రస్కాట్ గారు కాఫీ కప్పులోకి చూసుకుని, తలెత్తి ఆవిడకేసి మెల్లగా నవ్వారు. సాయంత్రం ఇంకో గంట ఉండిపొమ్మనేటప్పుడు నవ్వే నవ్వది.

“ఏంటి మార్లిస్, నిజమేనా?” అన్నాడు నీమీ.

నోరు దానంతటదే తెరుచుకుంది. “ఆయన పంపితే వెళ్ళేదాన్నండీ. అప్పుడప్పుడు.”

“అప్పుడప్పుడా!” అంది జోలీన్. చెయ్యి విదిలించింది. “నీ ఇష్టం తల్లీ,” అని కూలబడింది.

ఎవరూ గొంతు పట్టుకోలేదు. ఎవరూ బెదిరించలేదు. తన నోటితో తనే తుడిచేసుకుంది. సిగ్గు వస్తుందేమోనని చూసింది మార్లిస్. రాలేదు. కోపమైనా వస్తుందేమోనని చూసింది. అదీ రాలేదు. మండుతున్న పొయ్యి మీద చెయ్యి పెట్టినా వేడి తెలియనట్టుంది.

“అదీ సంగతి!” నీమీకి హుషారొచ్చింది. “ఎవరొచ్చినా మనకి బెంగలేదు. కుర్చీతో పాటు మార్లిస్ కూడా వస్తుంది! ఏ మలుపు ముందు గడ్డకడుతుందో, ఏ తల్లికి కోపమెక్కువో అన్నీ నేర్పిపెడుతుంది. రెండేళ్ళు తోడుంటే చాలు, ఆయనే ఆరితేరతాడు. ఏమంటావోయ్ డేల్?”

మూడో వరసలోంచి డేల్ చెయ్యెత్తాడు. “మీ దగ్గరే ఉంచుకోండి మహాప్రభో! ఇంట్లో ఉంటే మా అమ్మకీ దీనికీ పడదు!”

హాలు గొల్లుమని నవ్వి చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం మార్లిస్‌కి దక్కిన చప్పట్లు అవే. “అన్నట్టు, కాఫీ అయిపోయినట్టుందమ్మా,” అన్నారెవరో.

జనం లేచి చుక్కలు అంటించడం మొదలెట్టారు. మంచు రోడ్ల మాట చుట్టూ నాచు పట్టినట్టు పచ్చగా పేరుకుంది. ట్రస్కాట్ గారు కూడా వచ్చి, తన చుక్కొకటి అక్కడే అంటించి వెళ్ళారు.

“ఇంకెవరైనా చెప్పేదుందా?” అంది రాజధాని అమ్మాయి. “లేకపోతే ఇవే ఉద్యోగ ప్రకటనలో వేసేస్తాం.”

కాగితం అడుగున ఒక్క మాట పట్టేంత చోటుంది. మార్లిస్ వంగి, తొందరపడకుండా, తక్కినవాటికి వాడిన అక్షరాలంత పెద్దగానే రాసింది: ‘ఇన్నాళ్ళూ రోడ్లు తిరిగిన మనిషికి జూనే ఆఖరి నెల.’

నీమీ కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. ట్రస్కాట్ గారి భుజం తట్టాడు. “ఈయన వెళ్ళిపోతున్నారని ఊరందరికీ తెలిసిందేగా మార్లిస్! మళ్ళీ రాయడమెందుకు?”

“అది ఆయన గురించి కాదండీ,” అంది మార్లిస్. “నా గురించి.”