విననట్టు ఉండే చోట

హనీమూన్‌కి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే స్నానాల టబ్బులోంచి పూలరేకులు ఎత్తి బయట పోసి, అందులో మా ఆయన చొక్కాలు నానబెట్టాను. సముద్రంలో గుంజలు పాతి, వాటి మీద కట్టిన చెక్క కాటేజీ అది. మంచం మీద తువ్వాళ్ళని హంసల్లా మడిచి పెట్టారు. నేల మధ్యలో అద్దం, అద్దం కింద చేపలు. కొత్తగా పెళ్ళైనవాళ్ళ కోసం టబ్బు నిండా ఎర్రటి రేకులు చల్లడం ఆ రిసార్టు మర్యాదట. నా కంటికి మాత్రం అది చొక్కాలన్నీ ఒకేసారి పట్టే తొట్టిలా కనిపించింది. అన్నీ తెల్ల చొక్కాలు. సర్దింది మా అత్తగారు. "బయట లాండ్రీకి ఇస్తే కాలర్లు పాడుచేస్తారమ్మా. వాడికి మడత నలిగితే తోచదు. నువ్వే ఉతికి ఇస్త్రీ చెయ్యి. అక్కడ నీకేం పనుంటుంది, తీరుబడేగా" అంది, పెట్టె మూత మీద మోకాలు ఆనించి జిప్పు లాగుతూ. ఆడపడుచు నవ్వింది. నేనూ నవ్వాను. కొత్త కోడలు నవ్వాలి.

నేను డ్రిల్లు టీచర్ని. గ్రౌండుకి ఆ చివర ఉన్న పిల్లని ఈల అక్కర్లేకుండా ఈ చివరి నుంచి పిలుస్తాను. ఆడపిల్లలకి ఇనుప గుండు విసరడం నేర్పుతాను. పెళ్ళిచూపుల్లో ఈ మాట చెప్పగానే మామగారు "అయితే మావాడు కాస్త దూరంగా నిలబడాలన్నమాట" అన్నాడు. ఇల్లంతా ఒకటే నవ్వులు. పెళ్ళయ్యాక అత్తగారు నా గొంతు సంగతి ఎత్తింది. "ఇది గ్రౌండు కాదమ్మా, ఇల్లు. గోడలకి చెవులుంటాయి." అమ్మకి ఫోన్ చేసి చెప్పుకుంటే అమ్మదీ అదే పాట. "కాస్త తగ్గించుకోవే. తగ్గిస్తే నీ సొమ్మేం పోయింది?" నిజమే కదా అనుకున్నాను. వంటింట్లో గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాను. అదే గొంతు బడిదాకా వచ్చింది. జలుబు చేసిందా టీచర్ అని పిల్లలు అడిగారు. అవునన్నాను. పెళ్ళైన ఇన్ని నెలలకి, బడికి సెలవులిచ్చాక ఈ హనీమూన్ కుదిరింది.

రేకులన్నీ తీసేశాననే అనుకున్నాను. కొన్ని అడుగున అంటుకుని ఉన్నాయి. వేడినీళ్ళకి రంగు దిగింది. ఒక చొక్కా కాలరు గులాబీ రంగుకి తిరిగింది. మా ఆయన లోపలికి వచ్చి దాన్ని వెలుతురుకి పట్టి చూశాడు. ఆయన బీమా ఆఫీసులో మేనేజరు. ఎవరి మీదా గొంతు ఎత్తడు. అందుకే మావాళ్ళకి అంత నచ్చాడు.

"ఏంటిది?"

"పూల రంగండీ. ఎండలో వేస్తే పోతుంది."

"మా అమ్మ ఇన్నేళ్ళు ఉతికింది. ఒక్క మరక చూడలేదు నేను." నవ్వాడు. "గుండ్లు విసిరే చేతులకి చొక్కా విలువేం తెలుస్తుందిలే, డ్రిల్లు మాస్టారూ."

ఆ నవ్వు చూసి గండం గడిచిందనుకున్నాను. జడ మెడ దగ్గర పట్టుకుని నా మొహాన్ని నీళ్ళలోకి తోశాడు. సబ్బునీళ్ళు ముక్కులోకి, గొంతులోకి పోయాయి. గడ్డం టబ్బు అంచుకి కొట్టుకుంది. పైకి లేపాడు. "పోయిందా రంగు?" అని అడిగాడు. మళ్ళీ ముంచాడు. ఈసారి పెదవి చీలింది. నా నెత్తురు నీళ్ళలో ఇంకో చొక్కాకి పట్టడం కళ్ళు తెరుచుకుని చూశాను. దానికి కూడా కొడతాడని భయపడ్డాను. చావు భయం కాదు, చొక్కా భయం. లేపినప్పుడు అరిచాను. కొన్ని నెలలుగా దాచుకున్న గొంతంతా పెట్టి అరిచాను. తలుపవతల చెక్కబాట మీద ఒకావిడ ఊడుస్తోంది. చీపురు చప్పుడు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. చప్పుడు మళ్ళీ మొదలైంది. మెల్లగా దూరం జరిగింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నా నోటికి చెంచాతో ఐస్‌క్రీమ్ అందించాడు. పక్క బల్ల జంట ముచ్చటపడి మా ఫోటో తీసింది. "నవ్వు, అమ్మకి పంపాలి" అన్నాడు. పెదవి చీలిన వైపు చేత్తో కప్పుకుని నవ్వాను. సిగ్గుపడుతోంది అంది పక్క బల్ల ఆవిడ.

ఇస్త్రీపెట్టె కోసం రిసెప్షన్‌కి వెళ్ళాను. అక్కడ కూర్చున్న అమ్మాయి లేచి నిలబడింది.

"ఎలా ఉంది మేడమ్ కాటేజీ?"

"పొద్దున నేను అరిచాను. వినబడిందా?"

ఆ పిల్ల బుగ్గలు ఎర్రబడ్డాయి. "హనీమూన్ కాటేజీల్లోంచి ఏం వినబడినా విననట్టు ఉండాలి మేడమ్. చేరగానే చెప్పేస్తారు మాకు. కొత్తగా చేరిన ఒకావిడ పోయి తలుపు కొట్టిందట. వాళ్ళేమో వేరే..." నోరు మూసుకుని నవ్వింది. "పాపం, ఉద్యోగం పోయింది."

అప్పుడు నా పెదవి చూసింది. చూసి, చూడనట్టు బల్ల సర్దుకుంది. "పెట్టె పంపించమంటారా మేడమ్?"

"నేనే పట్టుకెళ్తాను" అన్నాను.

చెక్కబాట మీద నడుస్తూ అనుకున్నాను. ఇంట్లో గోడలకి చెవులున్నాయి కాబట్టి అరవకూడదు. ఇక్కడ చెవులు మూసుకున్నారు కాబట్టి అరిచినా ఒకటే. మరి ఆడది అరవడానికి చోటెక్కడ? అక్కడా వాడికే అనుకూలం, ఇక్కడా వాడికే అనుకూలం. ఆ పిల్లనీ, ఊడ్చే ఆవిడనీ తిట్టుకుని లాభం లేదు. కూడు పెట్టే పని ఎవరొదులుకుంటారు? మొగుడి ఇంట్లో నేనూ అలాగే నోరు మూసుకుని పడుంటున్నాగా, పైగా అక్కడ కూడు కూడా నా జీతంలోదే.

ఇస్త్రీ చేస్తున్నాను. మా ఆయన మంచం మీద పడుకుని ఫోన్ పక్కన పెట్టాడు.

"అమ్మతో మాట్లాడాను. మరక సంగతి చెప్పాను. నవ్విందిలే. ఆ ఉద్యోగం మాన్పించు, చేతులు వాటంతటవే మెత్తబడతాయి అంది. సెలవులు కాగానే మానేస్తున్నట్టు స్కూల్లో చెప్పేసెయ్."

"మానను."

"ఏంటీ?"

"మాననండీ."

గుసగుసగానే అన్నాను. అయినా లేచాడు. అదే నవ్వు. ఎడంచేత్తో జడ అందుకుని చేతికి చుట్టుకుంటున్నాడు. నా కుడిచేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. కంగారులో తగిలిందని ఎవరికీ చెప్పను. చూసి పెట్టాను. అతని ముంజేతి మీద, కాలరు మీద ఆనించినట్టే ఆనించి, నొక్కి ఉంచాను. తోలు కాలిన వాసన వచ్చింది. ఎప్పుడూ గొంతు ఎత్తని మనిషి బాగానే ఎత్తాడు. జడ వదిలి నా కడుపులో తన్నాడు. వెనక్కి తూలి, నిలదొక్కుకుని, పెట్టె బల్ల మీద పెట్టి, అతని రెండో చెయ్యి దొరకబుచ్చుకుని వీపు వెనక్కి మడిచాను. భుజంలో ఏదో కదిలిన చప్పుడు. మోకాళ్ళ మీద పడ్డాడు, చేపల అద్దం మీద.

"ఎవరైనా రండి. అమ్మా. ఎవరైనా రండి."

"ఎవరూ రారు. చాలా మర్యాదస్తులు" అన్నాను.

బయట ఎవరో నడుచుకుంటూ వచ్చారు. ఆగకుండా పోయారు. ఆ నడక వింటూ అతని మొహంలో రంగు దిగిపోవడం చూశాను. పొద్దున నా మొహం ఎలా ఉందో ఆ మొహం చూశాకే తెలిసింది. జాలి పుడుతుందేమోనని కాసేపు చూశాను. పుట్టలేదు.

చెయ్యి వదిలి, పెట్టె వైరు పీకేశాను. గోడకి ఆనుకుని ఏడుస్తూనే బెదిరించాడు.

"ఇంటికెలా వస్తావో చూస్తాను. మా అమ్మ నిన్ను గడప తొక్కనిస్తుందా?"

ఆ ఇంటికి వెళ్ళాలా వద్దా అని అప్పటిదాకా నేను ఆలోచించలేదు. కొట్టినవాడి ఇంటికి మళ్ళీ ఎలా వెళ్ళాలన్నదే నా బెంగ. వెళ్ళకపోవడం అనేది ఒకటుందని అతనే గుర్తుచేశాడు.

"తొక్కను. నీ గడప నువ్వే తొక్కు."

నా బట్టలు సంచిలో కుక్కుకున్నాను. చొక్కాలు బల్ల మీద అలాగే ఉన్నాయి, సగం ఇస్త్రీ అయినవి, సగం కానివి. రేవులో బోటు కదలడానికి సిద్ధంగా ఉంది. నేనెక్కి కూర్చున్నాను. బోటు నడిపే పెద్దాయన తాడు విప్పబోయి, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చెక్కబాట వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇక్కడినుంచి ఒంటరిగా ఎవరూ వెళ్ళరమ్మా. జంటగా తెస్తాం, జంటగా దింపుతాం. సారు రావాలి కదా."

"రాడు."

నా పెదవి చూశాడు. చేతులు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "సారుకేమైందమ్మా?"

"బతికే ఉన్నాడు. మీరు బోటు తియ్యండి."